ఖాళీ గుల్ల బయటికి వచ్చే దారి: స్ట్రెయిట్ పుల్ రైఫిళ్ల యాంత్రికం

6.1 ఉపోద్ఘాతం

మైపాడు బీచ్‌లో సాయంత్రం పూట, లేదా రొట్టెల పండుగ రోజుల్లో నెల్లూరు స్వర్ణాల చెరువు గట్టు మీద మీరు ఒక ఆటవస్తువును చూసే ఉంటారు. మెలితిప్పిన సన్నని పట్టీ, దానికి గుచ్చిన ప్లాస్టిక్ పంకా, పంకా కింద చిన్న గొట్టం. గొట్టాన్ని పట్టుకుని ఒక్కసారిగా పైకి తోస్తే పంకా గిర్రున తిరుగుతూ గాలిలోకి లేస్తుంది. పిల్లవాడి చేయి ఎక్కడా తిరగలేదు. నిలువుగా పైకి మాత్రమే కదిలింది. సరళరేఖలోని ఆ కదలికను పట్టీలోని మెలిక భ్రమణంగా మార్చింది.

1880ల తరువాత ఆస్ట్రియా-హంగరీ, స్విట్జర్లాండ్, కెనడా దేశాల సైన్యాలు వాడిన కొన్ని రైఫిళ్ల గుండెకాయ ఈ మెలికే. వాటిని స్ట్రెయిట్ పుల్ రైఫిళ్లు అంటారు. మామూలు రైఫిల్‌లో సైనికుడు బోల్టు పిడిని పైకి తిప్పి, వెనక్కి లాగి, ముందుకు తోసి, కిందికి తిప్పుతాడు. ఈ రైఫిళ్లలో లాగడం, తోయడం రెండే పనులు. తిప్పే పనిని లోపలి మెలిక చూసుకుంటుంది. చెప్పుకోవడానికి ఎంతో సుఖమైన ఏర్పాటు. అయితే కాల్చిన తూటా తాలూకు ఖాళీ గుల్లను బయటికి తీసే చోట ఈ సుఖానికి ఒక ధర చెల్లించవలసి వచ్చింది. ఆ ధర ఏమిటో, అది ఎందుకు తప్పలేదో ఈ భాగంలో తెలుసుకుంటారు. వాలు తలం, యాంత్రిక లాభం, స్థితిస్థాపకత గురించి మీరు ముందు భాగాలలో చదివినదంతా ఇక్కడ పనికి వస్తుంది. వాటిని ఒకసారి తిరగేసి రండి.

ఈ రైఫిళ్లు నెల్లూరు తీరంలో మీకు కనిపించవు. మన ప్రాంతంలో చాలాకాలం ట్రెజరీ ముందు కాపలా పోలీసు భుజాన, బందోబస్తులో, పరేడ్ మైదానంలో కనిపించినది .303 లీ-ఎన్‌ఫీల్డ్. అది తిప్పి లాగే రకం. మీలో ఎన్.సి.సి.లో పనిచేసినవారు .22 రైఫిల్‌తోనైనా బోల్టు తిప్పి ఉంటారు. రేంజిలో కాల్పులు అయ్యాక ఖాళీ గుల్లలు ఏరి, లెక్కబెట్టి అప్పగించి ఉంటారు. కాబట్టి మనకు తెలిసిన .303తో మొదలుపెట్టి, తెలియని దాని దగ్గరకు వెళదాం.

6.2 గుల్ల ఎందుకు ఉంది?

అడవి అంచు గ్రామాల్లో ఒకప్పుడు వాడిన నాటు తుపాకీకి ఈ సమస్యే లేదు. మందు, గుండు గొట్టం ముందు నుంచే దట్టించేవారు. పేలాక లోపల మిగిలేది పొగ, మసి మాత్రమే. బయటికి తీయవలసిన వస్తువంటూ ఏదీ ఉండదు. కానీ ఒకసారి కాల్చాక మళ్లీ దట్టించడానికి చాలా సమయం పడుతుంది.

వెనుక నుంచి నింపే రైఫిల్ వచ్చాక మందు, గుండు, నిప్పు రాజేసే ప్రైమరు మూడింటినీ ఒకే ఇత్తడి గుల్లలో అమర్చారు. ఇదే తూటా. గుల్ల సంచీగా మాత్రమే పనిచేయదు. పేలుడు వాయువు వెనక్కి, అంటే కాల్చేవాడి ముఖం మీదికి రాకుండా ఆపే బిరడా కూడా అదే. మందు మండినప్పుడు లోపల సుమారు 3,000 వాతావరణాల పీడనం పుడుతుంది. ఆ ఒత్తిడికి ఇత్తడి ఉబ్బి, తాను కూర్చున్న ఉక్కు గదికి, అంటే ఛాంబరు గోడకు గట్టిగా అదుముకుంటుంది. సందు మూసుకుపోతుంది. వెనుక బోల్టు మీద పడే తోపుడు రెండు టన్నుల దాకా ఉంటుంది. అందుకే బోల్టుకు చెవుల్లాంటి పొడుచుకు వచ్చిన భాగాలు ఉంటాయి. అవి రైఫిల్ దేహంలోని గాడుల్లో ఇమిడి తాళం వేసినట్టు నిలుస్తాయి. తలుపు గడియను జరిపి, దాని పిడిని కిందికి తిప్పి పెడతాం గదా, అలాగే.

గుండు గొట్టం వదిలి వెళ్లగానే పీడనం పడిపోతుంది. గుల్ల చేయవలసిన పని అయిపోయింది. ఇప్పుడు అది అడ్డు. దాన్ని తీసేస్తే తప్ప తరువాతి తూటాకు చోటు లేదు.

6.3 గుల్ల గోడను వదిలేది ఎంత? పట్టుకునేది ఎంత?

ఈ అంశం దగ్గర కొంచెం నిదానించండి. మిగిలినదంతా దీని మీదే ఆధారపడి ఉంది.

పీడనం ఉన్నప్పుడు రెండు లోహాలూ సాగుతాయి. ఇత్తడి గుల్ల పలుచన కాబట్టి తన స్థితిస్థాపక అవధిని దాటి సాగి, గోడకు ఆనుతుంది. ఉక్కు ఛాంబరు దళసరి కాబట్టి అవధిలోపలే, అతి కొద్దిగా సాగుతుంది. పీడనం పోగానే రెండూ వెనక్కి వస్తాయి. ఉక్కు తన పూర్వస్థితికి పూర్తిగా వస్తుంది. ఇత్తడి కొంతే వస్తుంది. ఇత్తడి వెనక్కి వచ్చిన దూరం ఉక్కు వెనక్కి వచ్చిన దూరం కంటే ఎక్కువైతే రెండింటి మధ్య వెంట్రుకవాసి సందు ఏర్పడి గుల్ల వదులవుతుంది. తక్కువైతే ఛాంబరు గుల్లను పిడికిట్లో బిగించినట్టు పట్టుకుంటుంది.

ఇత్తడి యంగ్ గుణకం ఉక్కు యంగ్ గుణకంలో సుమారు సగం. అంటే ఒకే ప్రతిబలం నుంచి విడుదలైనప్పుడు ఇత్తడి దాదాపు రెండింతలు ఎక్కువ దూరం వెనక్కి వస్తుంది. గుల్లకు ఇత్తడిని ఎంచుకోవడానికి ఉన్న కారణాల్లో ఇది ముఖ్యమైనది. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. అది ఎంత వెనక్కి వస్తుందన్నది ఇత్తడి గట్టిదనం మీద కూడా ఆధారపడుతుంది. మెత్తటి ఇత్తడి తక్కువ ప్రతిబలానికే లొంగిపోతుంది కాబట్టి తిరిగి వచ్చేదీ తక్కువే. కర్మాగారంలో గుల్లను సరిగా గట్టిపరచకపోయినా, కొలత కొంచెం తేడాగా వచ్చినా, ఛాంబరులో ఇసుక రేణువు ఉన్నా, తుప్పు పట్టి గుంటలు పడినా ఫలితం ఒకటే. గుల్ల ఇరుక్కుంటుంది.

తూటా రూపం కొంత సహాయం చేస్తుంది. .303 గుల్ల అడుగున లావుగా, ముందుకు పోనుపోను సన్నగా ఉంటుంది. ఒకదానిలో ఒకటి దూర్చిన స్టీలు గ్లాసులను గుర్తు తెచ్చుకోండి. ఒకసారి అరమిల్లీమీటరు కదిలిందంటే చుట్టూ ఒకేసారి వదులైపోతుంది. ఆ తరువాత పసిపిల్లలు కూడా లాగగలరు. కష్టమంతా ఆ మొదటి అరమిల్లీమీటరులోనే.

మీరే చేసి చూడండి: గట్టిగా నొక్కి మూసిన డబ్బా మూతను గోళ్లతో పట్టి నేరుగా పైకి లాగండి. రాదు. ఇప్పుడు చెంచా కాడను అంచు కింద పెట్టి నొక్కండి. మూత ఇట్టే లేస్తుంది. చెంచా మూతను పూర్తిగా తీయలేదు. మొదటి కదలికను మాత్రమే ఇచ్చింది. తరువాత మూతను మీరు రెండు వేళ్లతో తీసేశారు.

రైఫిల్ నిర్మాణంలో ఆ చెంచా పనిని తొలి వెలికితీత అంటారు.

6.4 తిప్పి లాగే బోల్టు: చెంచా ఎక్కడ ఉంది?

లీ-ఎన్‌ఫీల్డ్ బోల్టు పిడిని పైకి ఎత్తినప్పుడు రెండు పనులు జరుగుతాయి. మొదట చెవులు గాడుల్లోంచి బయటికి వస్తాయి, తాళం తీసినట్టు. తిప్పుడు చివరికి వచ్చేసరికి బోల్టు మీది భాగం ఒకటి రైఫిల్ దేహంలోని ఏటవాలు అంచు మీదికి ఎక్కుతుంది. వాలు తలం మీద పైకి జరిగే వస్తువు పక్కకు కూడా జరిగినట్టు, బోల్టు ఆ అంచు వెంట తిరుగుతూ కొద్దిగా వెనక్కి జరుగుతుంది. దాని కొనన ఉన్న కొక్కెం గుల్ల అంచును పట్టుకుని ఉంది కాబట్టి గుల్ల కూడా అంత మేర వెనక్కి కదులుతుంది. మీ చేయి ఇంకా లాగడం మొదలుపెట్టనే లేదు.

లెక్క వేసి చూద్దాం. ఇవి విషయం అర్థం కావడానికి తీసుకున్న గుండ్రటి అంకెలు, ఫలానా రైఫిల్ కొలతలు కావు. పిడి గుండు బోల్టు అక్షానికి 60 మిల్లీమీటర్ల దూరంలో ఉందనుకోండి. తిప్పుడులో చివరి 20 డిగ్రీలు ఏటవాలు అంచు మీద నడిచిందనుకోండి. ఆ 20 డిగ్రీలలో చేయి నడిచిన చాపం సుమారు 21 మిల్లీమీటర్లు. ఆ సమయంలో బోల్టు వెనక్కి వచ్చింది 2 మిల్లీమీటర్లే అయితే యాంత్రిక లాభం దాదాపు పది. చేయి 5 కిలోల బలం పెడితే, ఘర్షణ లేకపోతే, గుల్ల మీద 50 కిలోల బలం పడుతుంది. ఘర్షణ సగం తినేసినా 25 కిలోలు మిగులుతాయి. మొదటి అరమిల్లీమీటరు దాటడానికి అది సాధారణంగా చాలు.

గమనించండి: ఈ లాభం కోసం అదనపు భాగమేదీ పెట్టలేదు. తాళం తీయడానికి ఎలాగూ తిప్పవలసిన పిడి, పోతూ పోతూ ఈ పని కూడా చేసిపెట్టింది.

6.5 తిప్పకుండా లాగే బోల్టు

తిప్పడం సైనికుడికి ఇష్టమైన పని కాదు. పడుకుని గురిపెట్టినవాడు పిడిని ఎత్తాలంటే మోచేయి కదలాలి, రైఫిల్ పక్కకు ఒరగాలి, గురి చెదరాలి. 1880లలో పలు తూటాలు పట్టే మ్యాగజీన్ వ్యాపించాక ఎవరు త్వరగా కాలుస్తారన్నదే పోటీ అయింది. నాలుగు కదలికలను రెండు చేస్తే లాభమే గదా అని కొందరు నిర్మాతలు అనుకున్నారు.

అందరికంటే ముందున్నవాడు ఆస్ట్రియాకు చెందిన ఫెర్డినాండ్ మాన్‌లిషర్ (1848–1904). అతని 1886 నమూనాలో భ్రమణమే లేదు. బోల్టు కింద ఒక చీలిక దిగి తాళం వేసేది. పిడిని లాగితే చీలిక పైకి లేచేది. 1895 నమూనాలో అతడు మెలికను వాడాడు. పిడి ఉన్న బోల్టు దేహం బోలుగా ఉంటుంది. లోపల సర్పిలాకారపు గట్లు ఉంటాయి. బోల్టు తల దాని లోపలికి దూరి ఉంటుంది. తల మీద ఆ గట్లకు సరిపడే గాడులు ఉంటాయి. సైనికుడు పిడిని నేరుగా లాగుతాడు. దేహం వెనక్కి వస్తుంది. తల ఇంకా తాళంలో ఉంది కాబట్టి వెనక్కి రాలేక, మెలిక వెంట తిరుగుతుంది. చెవులు గాడుల్లోంచి బయటపడగానే తల కూడా దేహంతో పాటు వెనక్కి వస్తుంది. మన బీచ్ బొమ్మలో గొట్టం దేహమైతే, పంకా తల.

స్విట్జర్లాండ్‌లో రుడాల్ఫ్ ష్మిట్ 1889లో వేరే దారి పట్టాడు. బోల్టుకు కుడిపక్కన ఒక కడ్డీ ఉంటుంది. చేయి ఆ కడ్డీనే లాగుతుంది. కడ్డీ మీది బొడిపె బోల్టు చుట్టూ ఉన్న తొడుగులోని మెలి గాడిలో నడిచి తొడుగును తిప్పుతుంది. ఈ రైఫిల్ పేరులో రెండో సగమైన రూబిన్, తూటాను రూపొందించిన ఎడ్వర్డ్ రూబిన్.

ఇక్కడ ఒక తమాషా సంగతి. లీ-ఎన్‌ఫీల్డ్ పేరులోని లీ, అంటే స్కాట్లాండ్‌లో పుట్టి కెనడాలో పెరిగిన జేమ్స్ పారిస్ లీ, అమెరికా నౌకాదళం కోసం 1895లో ఒక స్ట్రెయిట్ పుల్ రైఫిల్ కూడా తయారుచేశాడు. తిప్పి లాగే పద్ధతికి పేరు తెచ్చిన మనిషే తిప్పకుండా లాగే దారిని కూడా పరీక్షించాడు. ఆ నౌకాదళ రైఫిల్ ఎక్కువ కాలం నిలవలేదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. తిప్పే పిడి పోయింది. దానితో పాటు పోయినదేమిటి?

చెంచా పోయింది. స్ట్రెయిట్ పుల్‌లో చేతి కదలిక మొదటి భాగమంతా తాళం తీయడానికి ఖర్చవుతుంది. ఆ సమయంలో గుల్ల కదలదు. తాళం తీయడం ముగిసిన క్షణం నుంచి చేయి ఎంత దూరం వస్తే గుల్లా అంతే దూరం రావాలి. చేయి ఒక మిల్లీమీటరు, గుల్ల ఒక మిల్లీమీటరు. యాంత్రిక లాభం ఒకటి. ఇందాక 5 కిలోల బలం 50 కిలోలు అయింది. ఇప్పుడు 5 కిలోలు 5 కిలోలుగానే ఉండిపోతుంది. చెవుల అంచులను ఏటవాలుగా చెక్కి కొంత లాభం రాబట్టవచ్చు గానీ, పొడవైన పిడిని తిప్పినప్పుడు వచ్చినంత రాదు.

దీనికి బదులుగా ఉన్నది ఒకటే, విసురు. తాళం తీసే దూరంలో చేయి, బోల్టు దేహం వేగం పుంజుకుంటాయి. ఆ వేగంతో ఒక్కసారిగా గుల్ల మీద పడితే సుత్తి దెబ్బలా పనిచేస్తుంది. అందుకే ఈ రైఫిళ్లను మెల్లగా, మర్యాదగా లాగకూడదు. బలంగా, ఒకే ఊపున లాగాలి. గుల్ల శుభ్రంగా, ఛాంబరు శుభ్రంగా ఉంటే ఆ ఊపు చాలు. లేకపోతే సైనికుడి బలమే కొలమానం అవుతుంది.

6.6 వెలికితీత వేరు, విసిరివేత వేరు

విద్యార్థులు తరచు ఈ రెండింటినీ ఒకటిగా రాస్తారు. పరీక్షలో మార్కులు పోయేది ఇక్కడే. ఛాంబరులోంచి గుల్లను వెనక్కి లాగడం వెలికితీత. ఆ పని చేసే కొక్కెం ఎక్స్‌ట్రాక్టరు. లాగిన గుల్లను రైఫిల్ బయటికి గిరాటు వేయడం విసిరివేత. ఆ పని చేసేది ఎజెక్టరు. మొదటిది బలానికి సంబంధించిన సమస్య. రెండోది వేగానికి, దిశకు సంబంధించినది.

ఎజెక్టరు చూడటానికి అతి సామాన్యమైన వస్తువు. బోల్టు వెనక్కి వచ్చే దారిలో ఒక పక్కన నిలబడి ఉండే లోహపు ముక్క. లీ-ఎన్‌ఫీల్డ్‌లో అయితే దేహం ఎడమ గోడలో బిగించిన చిన్న మర. గుల్ల అడుగును ఒక పక్క కొక్కెం పట్టుకుని ఉంటుంది. రెండో పక్క ఎజెక్టరుకు తగులుతుంది. ఆ పక్క ఆగిపోయింది, కొక్కెం పక్క ఇంకా వెనక్కి వస్తూనే ఉంది. గుల్ల కొక్కెం చుట్టూ మడత కీలు మీద తలుపులా తిరిగి, నోరు బయటి వైపుకు మళ్లి, ఎగిరిపోతుంది. కొక్కెం కుడివైపు, ఎజెక్టరు ఎడమవైపు ఉంటే గుల్ల కుడివైపుకు పోతుంది. కొక్కెం పైన, ఎజెక్టరు కింద ఉంటే పైకి పోతుంది.

1931లో అడాల్ఫ్ ఫుర్రర్ రూపకల్పనలో వచ్చిన స్విస్ కె31 గుల్లను దాదాపు పైకే విసురుతుంది. తుపాకీ మీద సరిగ్గా మధ్యలో దూరదర్శిని అమర్చితే గుల్ల పోయి దానికి కొట్టుకుంటుంది. తరువాత దూరపు గురికి 1955 నమూనా చేసినప్పుడు స్విస్ నిర్మాతలు యాంత్రిక భాగం మొత్తాన్ని కొద్దిగా పక్కకు ఒరిగించి బిగించారు. ఒక చిన్న గుల్ల దారి తప్పించడానికి రైఫిల్ నడుమునే వంచవలసి వచ్చిందన్నమాట.

స్థిరంగా ఉండే ఎజెక్టరుకు ఒక గుణం ఉంది. అది తనంతట తాను బలం పెట్టదు. బోల్టు ఎంత వేగంతో వస్తే గుల్లను అంతే వేగంతో విసురుతుంది. మెల్లగా లాగితే గుల్ల బయటికి పోకుండా అక్కడే దొర్లుతుంది. మళ్లీ బోల్టు తోస్తే కొత్త తూటా దానికి తగిలి ఇరుక్కుంటుంది. స్ట్రెయిట్ పుల్ ఇక్కడ నిజంగా మెరుగైనది. ఎలాగూ ఊపుగా లాగుతారు కాబట్టి విసిరివేత దివ్యంగా జరుగుతుంది. వచ్చిన చిక్కల్లా గుల్ల అక్కడి దాకా రావడమే.

మాన్‌లిషర్ 1895లో విసర్జించవలసినది ఇంకొకటి ఉంది. అయిదు తూటాలను ఒక లోహపు క్లిప్పుతో సహా మ్యాగజీన్‌లో పెడతారు. చివరి తూటా ఛాంబరులోకి వెళ్లగానే ఖాళీ క్లిప్పు కింది రంధ్రంలోంచి తన బరువుతోనే రాలిపోతుంది. దీనికి ఎజెక్టరు అక్కరలేదు, గురుత్వాకర్షణ చాలు. కానీ క్లిప్పు కిందికి పోయే దారి బురద పైకి వచ్చే దారి కూడా.

మీ ప్రగతిని సరిచూసుకోండి: ఒక రైఫిల్‌లో గుల్ల ఛాంబరులోంచి సులువుగా వచ్చింది గానీ బయటికి ఎగరలేదు. లోపం ఏ భాగంలో ఉండవచ్చు? జవాబు మీ నోటు పుస్తకంలో రాసి, పై పేరాలతో పోల్చుకోండి.

6.7 ఈప్ర, ఏప్రిల్ 1915

కెనడా సైన్యానికి సర్ చార్లెస్ రాస్ అనే స్కాటిష్ సంపన్నుడు తయారుచేసిన రైఫిల్ ఉండేది. క్విబెక్‌లో కర్మాగారం. 1903 నుంచి అనేక నమూనాలు వచ్చాయి. యుద్ధానికి వెళ్లినది 1910 నాటి మూడో మార్కు. అది కూడా మెలికతో తల తిరిగే స్ట్రెయిట్ పుల్. తూటా మాత్రం బ్రిటిష్ వారి .303, అంటే మన లీ-ఎన్‌ఫీల్డ్‌లో పెట్టేదే. గురి పోటీల్లో రాస్ ఎన్నో బహుమతులు గెలుచుకుంది. ఛాంబరును బిగుతుగా, కచ్చితమైన కొలతకు తొలిచేవారు. గురి బాగా ఉండటానికి అదీ ఒక కారణం.

1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర దగ్గర జర్మన్ సైన్యం క్లోరిన్ వాయువును వదిలింది. పక్కన ఉన్న ఫ్రెంచి దళాలు చెదిరిపోగా కెనడా మొదటి డివిజను ఆ ఖాళీని ఆపవలసి వచ్చింది. ఊపిరాడని గాలిలో, బురదలో, ఎడతెగని కాల్పుల మధ్య రాస్ రైఫిళ్లు బిగుసుకుపోయాయి. యుద్ధపు తొందరలో తయారైన బ్రిటిష్ తూటాల కొలతలు కొద్దిగా అటూ ఇటూగా ఉండేవి. లీ-ఎన్‌ఫీల్డ్ ఛాంబరు వదులు కాబట్టి ఆ తేడాను భరించింది. రాస్ భరించలేకపోయింది. కాల్చిన గుల్ల ఉబ్బి బిగుసుకుంది. లాగే చేతికి యాంత్రిక లాభం ఒకటే. సైనికులు రైఫిల్‌ను నేలకు ఆనించి పిడిని బూటు కాలితో తన్నారు. కందకం తవ్వే పారతో కొట్టారు. దీనికి తోడు బోల్టును వెనుక ఆపే ముక్క చాలా సన్నం. ఊపుగా లాగిన ప్రతిసారీ తల మీది ఒక చెవి దానికి కొట్టుకుని అంచు వంకర పోయేది. వంకర పోయిన చెవి మళ్లీ తాళంలోకి సాఫీగా వెళ్లదు. ఊపుగా లాగమని కోరే యంత్రమే ఆ ఊపుకు దెబ్బతింది.

ఆ పోరాటం నుంచి బయటపడిన దాదాపు 5,000 మంది కెనడా పదాతి సైనికుల్లో 1,452 మంది తమ రాస్‌ను పారవేసి, చనిపోయినవారి పక్కన పడి ఉన్న లీ-ఎన్‌ఫీల్డ్‌లను తీసుకున్నారు. సైన్యంలో ఆయుధం పారవేయడం ఎంత పెద్ద నేరమో తెలిసినవారికి ఈ అంకె బరువు తెలుస్తుంది. ఖాళీ గుల్ల బయటికి రాకపోతే ఆ మనిషి చేతిలో ఉన్నది రైఫిల్ కాదు, కర్ర.

అదే యుద్ధరంగంలోకి ఏప్రిల్ 26న మన భారతీయ సైన్యపు లాహోర్ డివిజను దిగింది. వారి చేతుల్లో ఉన్నవి లీ-ఎన్‌ఫీల్డ్‌లు. ఆ రోజే జమాదార్ మీర్ దస్త్ చూపిన సాహసానికి విక్టోరియా క్రాస్ వచ్చింది. అదే ఊరి చుట్టూ, అదే వారంలో, అదే తూటాతో రెండు రకాల బోల్టులు పరీక్షకు నిలబడ్డాయి. కర్మాగారంలో కూర్చుని ఎవరూ ఏర్పాటు చేయలేని పరీక్ష అది.

కెనడా మంత్రి సామ్ హ్యూస్ రాస్‌ను చివరిదాకా సమర్థించాడు. ఛాంబర్లను వెడల్పు చేయించారు, పరిస్థితి కొంత మెరుగుపడింది. 1916 ముగిసేసరికి కెనడా డివిజన్లన్నింటికీ లీ-ఎన్‌ఫీల్డ్ ఇచ్చేశారు. అయితే గురిచూసి ఒక్కొక్క తూటా కాల్చే స్నైపర్లు రాస్‌ను వదలలేదు. వారు తూటాలను ఏరి తెచ్చుకునేవారు, రైఫిల్‌ను బట్టలో చుట్టి కాపాడుకునేవారు. యంత్రం అదే, పరిస్థితి వేరు. నా అభిప్రాయంలో రాస్ చెడ్డ రైఫిల్ కాదు, దాన్ని చెడ్డచోటికి పంపారు. అది తీసుకున్నవారికి మాత్రం ఈ తేడా వల్ల ఒరిగిందేమీ లేదు.

6.8 మరి స్విస్ వారికి ఎందుకు కుదిరింది?

స్విట్జర్లాండ్ 1889 నుంచి దశాబ్దాల పాటు స్ట్రెయిట్ పుల్‌నే నమ్ముకుంది. మొదటి నమూనాలో చెవులు వెనుకగా ఉండేవి, తరువాత ముందుకు తెచ్చారు. కె31లో పూర్తిగా ముందుకు జరిపారు. 1911లో ప్రవేశపెట్టిన తూటాను ఎంతో నాణ్యంగా, కొలత తప్పకుండా చేశారు. రైఫిలూ తూటా రెండూ ఒకే దేశం, ఒకే కొలతకు తయారుచేసుకుంది. సైనికులు రైఫిళ్లను ఇంట్లో పెట్టుకుని శుభ్రం చేసుకునేవారు. పైగా ఆ దేశం రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ తటస్థంగా ఉంది. కందకాల బురద దాని రైఫిల్‌ను ఎన్నడూ పరీక్షించలేదు. ఆ రైఫిల్ గొప్పదే. అయినా ఈ చివరి సంగతిని విడిచి దాన్ని మెచ్చుకోవడం సగం నిజం చెప్పడమే.

6.9 ఉప్పుగాలి

ఇప్పుడు మన తీరానికి వద్దాం. కృష్ణపట్నం, మైపాడు, తూపిలిపాళెం వైపు ఉండేవారికి ఉప్పుగాలి చేసే పని కొత్త కాదు. సైకిలు చక్రం ఊచలు, కిటికీ చువ్వలు, రొయ్యల గుంట పక్కన ఇంజను బోల్టులు ఏడాది తిరక్కుండా ఎర్రబడతాయి. పాత సైనిక తూటాల్లో ప్రైమరు అలాంటి ఉప్పునే రైఫిల్ లోపల పుట్టించేది. అందులోని పొటాషియం క్లోరేట్ మండి పొటాషియం క్లోరైడ్ మిగులుతుంది. ఇది మన సాదా ఉప్పుకు దగ్గరి బంధువు. గాలిలోని తేమను పీల్చి, గొట్టంలో, ఛాంబరు ముందు భాగంలో తుప్పు పుట్టిస్తుంది. ఉప్పు నూనెలో కరగదు, నీటిలో కరుగుతుంది. అందుకే .303 వాడిన సైనికులు కాల్పుల తరువాత మొదట గొట్టంలో మరిగే నీళ్లు పోసి కడిగి, ఆరబెట్టి, ఆ తరువాతే నూనె పూసేవారు. ముందే నూనె రాస్తే ఉప్పును నూనె కింద దాచినట్టే.

తుప్పు పట్టిన ఛాంబరు గోడలో సన్నని గుంటలు పడతాయి. తరువాతి తూటా పేలినప్పుడు 3,000 వాతావరణాల పీడనం ఇత్తడిని ఆ గుంటల్లోకి నెడుతుంది. పీడనం పోయాక గుల్ల వ్యాసం తగ్గినా, గుంటల్లో దిగిన ఇత్తడి పట్టు వదలదు. తిప్పి లాగే బోల్టు తన పదింతల బలంతో ఆ పట్టును తెంపగలదు. స్ట్రెయిట్ పుల్‌కు ఆ బలం లేదు. కాబట్టి తేమ, ఉప్పు ఉన్న చోట స్ట్రెయిట్ పుల్ రైఫిల్‌కు శుభ్రత మామూలు రైఫిల్ కంటే ఎక్కువ అవసరం. ఏ రైఫిల్ ఎంత శుభ్రత కోరుతుందో దాని బోల్టు కదిలే తీరు చూసి చెప్పవచ్చు.

మీ ప్రగతిని సరిచూసుకోండి: ఈ ప్రశ్నలకు అయిదారు వాక్యాల్లో జవాబు రాయండి. ఒక రైఫిల్ పిడి అక్షానికి 75 మిల్లీమీటర్ల దూరంలో ఉంది. చివరి 16 డిగ్రీల తిప్పుడులో బోల్టు 3 మిల్లీమీటర్లు వెనక్కి వస్తే ఘర్షణ లేనప్పుడు యాంత్రిక లాభం ఎంత? అదే 3 మిల్లీమీటర్లు స్ట్రెయిట్ పుల్‌లో నేరుగా లాగితే ఎంత? ఈప్రలో బూటు కాలితో పిడిని తన్నిన సైనికుడు 6.5లో చెప్పిన ఏ నియమాన్ని, ఆ పేరు తెలియకుండానే, ఉపయోగించుకున్నాడు?